నెయ్యి తినని పైడమ్మ కొలెస్ట్రాల్

1968లో నేను గజపతినగరంలో ఒక డాక్టరు గారి ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుగా ఉండేదాన్ని. ఆసుపత్రి అంటే పెద్దదేమీ కాదు. రోడ్డు వైపు ఒక వరండా, లోపల డాక్టరు గారి గది, పక్కన మందులు కలిపే గది, వెనకాల కొద్దిపాటి మంచాలు. చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు బండ్ల మీద, బస్సు మీద, చాలామంది నడిచే వచ్చేవారు. వానాకాలమంతా జ్వరాలు, విరేచనాలు. నీళ్లు కాచుకుని తాగమని పొద్దుట్నుంచి అందరికీ చెప్పి చెప్పి, సాయంత్రానికి నా గొంతు విని నాకే విసుగు పుట్టేది. డాక్టరు గారికి యాభై దాటాయి. ఆయనా నాలాగే అలిసిపోయిన మనిషి. రోగి మాట పూర్తయ్యేలోపే చెయ్యి కలం మీదికి పోయేది. అది పొగరు కాదు, వరండాలో ఇంకా అంతమంది కూర్చుని ఉండేవారు.

ఆ ఏడాది శ్రావణంలో పైడమ్మ వచ్చింది. నలభై ఏళ్లు ఉంటాయి. పక్క ఊరు, రైతు కుటుంబం. కొద్దిగా వరి, మెట్టలో చోళ్లు, అంటే రాగులు, నువ్వులు, నారకోసం గోగు. వెంట ఆమె తమ్ముడు రామునాయుడు. విశాఖపట్నంలో రైల్వే పనివాడు. అక్కడి పెద్ద డాక్టరు ఒకాయన రాసిచ్చిన చీటీ చేతిలో పట్టుకుని, అక్కకంటే ముందు తనే లోపలికి వచ్చాడు.

సంగతేమిటంటే, ఏడాదిగా పైడమ్మకు ఒంట్లో బాగుండటం లేదు. ఒకప్పుడు ఊళ్లో నాట్లు పడుతున్నాయంటే ముందు వరసలో ఆమె ఉండాల్సిందే. ఆమె పాట ఎత్తితే మిగతా ఆడవాళ్లు అందుకునేవారట. ఇప్పుడు నాలుగు మొక్కలు నాటితే కూలబడిపోతోంది. ఛాతీ బరువు. ముఖం ఉబ్బరం. తమ్ముడు భయపడి విశాఖపట్నం తీసుకెళ్లి ఒక పెద్ద డాక్టరుకు చూపించాడు. అక్కడ రక్తం తీసి పరీక్ష చేస్తే కొలెస్ట్రాల్ నాలుగు వందలు దాటి ఉంది.

ఈ రోజుల్లో ఆ మాట తెలియనివాళ్లు లేరు. అప్పట్లో మా ఆసుపత్రిలో దాన్ని ఎవరూ పలికేవారే కాదు. రక్తంలో తిరిగే ఒకరకం కొవ్వు అది. ఒంటికి కావలసిందే, కానీ మితిమీరితే రక్తనాళాల గోడలకు పట్టి గుండెకు చేటు చేస్తుంది. పైడమ్మకు ఉన్నది మామూలుకు దాదాపు రెండింతలు. పెద్ద డాక్టరు గారు క్లోఫిబ్రేట్ అనే మందు రాశారు. కొవ్వు తగ్గించడానికి అప్పుడప్పుడే వచ్చిన మందు. లోపల నూనెలాంటి ద్రవం నింపిన మెత్తటి గొట్టాలు, అంటే క్యాప్సూళ్లు. నెయ్యి, మీగడ, గుడ్లు, మాంసం మానెయ్యమన్నారు. దగ్గర్లో ఉన్నాం కనక బీపీ చూస్తూ ఉండమని మాకు రాశారు.

నేను బీపీ పట్టీ చేతికి చుడుతుంటే పైడమ్మ నన్నే చూస్తోంది. ఆమె గొంతు బొంగురుగా, ఒక్కొక్క మాటా ఎక్కడినుంచో ఈడ్చుకొస్తున్నట్టు ఉంది.

"నర్సమ్మా, నెయ్యి మానీమన్నారు. నాను నెయ్యి తిన్నదెప్పుడమ్మా? ఒక్క గేదున్నాది, దాని పాలు హోటేలుకి పోతాయి. గుడ్లు మానీమన్నారు. మా కోడి పెట్టినవి పొదగడానికే సాలవు. పొద్దున్న అంబలి, రేత్రి ఇంత కూడు, ఎండుసేప ముక్క. మరి నాను తినని కొవ్వు నా రత్తంలోకి ఎలాగొచ్చినాది?"

డాక్టరు గారు చీటీ మీంచి తలెత్తారు. "కొందరికి ఒంట్లోనే తయారవుతుందమ్మా."

"మరి నా వొంట్లో ఎందుకు తయారవతన్నాది?"

ఆయన మళ్లీ చీటీ మీదికి వంగారు.  రామునాయుడు కసిరాడు.

"అక్కా, అంత పెద్ద డాక్టరు సెప్పినాక నీకు ఇంకేటి? నోరు మూసుకుని మింగు."

"మింగుతానురా. కొవ్వు తగ్గడానికి నూని గొట్టాలేటని అడగతన్నాను, అంతే" అంది. నాకు నవ్వొచ్చింది. ఆమె మాత్రం నవ్వలేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది.

ఆ తరవాత నెలకోసారి వచ్చేది. వచ్చినప్పుడల్లా ఇంకాస్త నెమ్మదిగా వచ్చేది. గొట్టాలు వేసుకుంటే కడుపులో తిప్పుతోందని, కూడు సహించడం లేదని చెప్పేది. అలవాటవుతుందని నేను చెప్పేదాన్ని. దసరాలు వెళ్లాక డాక్టరు గారు రక్తం తీయించి విజయనగరంలో ఉన్న లాబొరేటరీకి బస్సులో పంపించారు. కొలెస్ట్రాల్ ఉన్నచోటే ఉంది. ఏమీ దిగలేదు. ఆయన కాస్త డోసు, అంటే మందు మోతాదు, పెంచారు.

కార్తీకంలో పైడమ్మ రాలేదు. ఆమె భర్త సింహాచలం ఒక్కడే వచ్చాడు. మాట తక్కువ మనిషి. వరండాలో చెప్పులు విడిచి, తువ్వాలు చేతిలో నలుపుతూ నిలబడ్డాడు.

"మానీసిందమ్మా. ఇంక మింగనంటన్నాది. బావమరిది వొచ్చి నానా తిట్లూ తిట్టినాడు. మా అమ్మేమో, పని తప్పించుకోడానికి ఏసాలంతాది. నాకేటీ తోస్తలేదు."

"ఇంట్లో పని ఎవరు చేస్తున్నారు?" అని అడిగాను.

"నానే. అంబలి కాస్తన్నాను. ఊల్లోవోల్లు నవ్వుతన్నారు, నవ్వనీ."

డాక్టరు గారికి చెప్పాను. "బలవంతంగా నోట్లో పొయ్యలేం కదా సిస్టర్" అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయనకూ ఆ మందు మీద గట్టి నమ్మకం లేదని నాకు అర్థమైంది. కొత్త మందు. వేసుకుంటే ఆయుష్షు పెరుగుతుందని ఖాయంగా చెప్పగలిగినవాళ్లు అప్పటికి ఎవరూ లేరు. ఏ బాధా తగ్గించని మందు, పైగా కడుపులో తిప్పే మందు ఎందుకు మింగాలో ఒక మనిషికి ఎలా చెప్పాలి? నేను ఇంకో రోగి దగ్గరికి వెళ్లిపోయాను.

పుష్యమాసంలో చలి బాగా పడింది. ఒక పొద్దున్న ఎండ వచ్చాక బండి ఒకటి ఆసుపత్రి ముందు ఆగింది. గడ్డి మీద గోనెపట్టాలు కప్పి పడుకోబెట్టిన మనిషిని సింహాచలం, రామునాయుడు పట్టుకుని దింపారు. పైడమ్మను నేను వెంటనే గుర్తుపట్టలేకపోయాను. కనురెప్పలు వాచి ఉన్నాయి, కనుబొమ్మల చివర వెంట్రుకలు రాలిపోయాయి. చర్మం ఎండిన తాటాకులా గరుకు. పిలిస్తే పలుకుతోంది, కానీ పలకడానికి చాలాసేపు పడుతోంది. రెండు రోజులుగా నిద్రే నిద్ర అన్నారు.

థర్మామీటరు పెట్టాను. పాదరసం కదల్లేదు. సరిగా విదిలించలేదేమోనని మళ్లీ విదిలించి పెట్టాను. తొంభై అయిదు దగ్గరే ఆగిపోయింది. థర్మామీటరు పాడైందనుకుని ఇంకొకటి తెచ్చాను. అదీ అంతే. చెయ్యి పట్టుకుంటే రాతిలా చల్లగా ఉంది. పల్స్, అంటే నాడి, చాలా నెమ్మదిగా కొట్టుకుంటోంది. నా పదేళ్ల పనిలో ఎక్కువ జ్వరాలే చూశాను గాని, బతికున్న మనిషి ఇంత చల్లగా ఉండటం చూడలేదు. డాక్టరు గారిని పిలిచాను.

ఆయన ఆ రోజు తొందరపడలేదు. మంచం పక్కన స్టూలు వేసుక్కూర్చుని ఆమె ముఖాన్ని చాలాసేపు చూశారు. నాలుక చూశారు, మెడ తడిమారు. ఎన్నాళ్లనుంచి ఈ చలి, విరేచనం అవుతోందా, జుట్టు ఎప్పట్నుంచి రాలుతోంది అని సింహాచలాన్ని అడిగారు. సింహాచలం చెప్పాడు: "వైశాకం ఎండల్లో కూడా దుప్పటి కప్పుకునీది బాబూ. మాకు ఉక్కపోస్తాది, దీనికి సలి."

డాక్టరు గారు లేచి, ఆమెను బల్ల మీద మోకాళ్ల మీద కూర్చోబెట్టమన్నారు, పాదాలు బయటికి వేలాడేటట్టు. భర్త, తమ్ముడు చెరోపక్కా పట్టుకున్నారు. మడమ పైన ఉండే నరం మీద చిన్న రబ్బరు సుత్తితో తట్టారు. అలా తడితే పాదం చటుక్కున కదిలి, చటుక్కున వెనక్కి వస్తుంది. దాన్ని రిఫ్లెక్స్ అంటారు. పైడమ్మ పాదం కదిలింది గాని వెనక్కి రావడానికి తొందరపడలేదు. నిద్రలో ఉన్నవాడు చెయ్యి దించినట్టు మెల్లగా దిగింది.

"సిస్టర్, ఇటు చూడండి" అని మళ్లీ తట్టారు. మళ్లీ అంతే. సుత్తి బల్ల మీద పెట్టి ఆయన నిట్టూర్చారు.

"ఇది థైరాయిడ్."

ఆమెను మళ్లీ మంచం మీద పడుకోబెట్టాక ఆ ముగ్గురికీ ఆయన చెప్పిన తీరు నాకు ఇప్పటికీ గుర్తుంది. మెడలో థైరాయిడ్ అనే గ్రంథి ఉంటుంది, దాంట్లో ఊరే రసం వల్లే ఒంట్లో పొయ్యి మండినట్టు వేడి పుడుతుంది, అది ఊరకపోతే అన్నీ మందగిస్తాయి అన్నారు. గుండె, పేగులు, మాట, బుర్ర అన్నీ. రక్తంలో ఉన్న కొవ్వును ఖర్చుపెట్టే పని కూడా మందగిస్తుంది. అలా ఖర్చు కాక పేరుకున్నదే ఆ కొలెస్ట్రాల్.

"విశాఖపట్నంలో చెప్పింది అబద్ధం కాదు, కొవ్వు ఉన్న మాట నిజమే. అది ఎందుకుందో అక్కడి డాక్టరు గారు చూడలేదు, నేనూ చూడలేదు. పైడమ్మ మొదటి రోజే అడిగింది" అన్నారు.

పైడమ్మ కళ్లు మూసుకునే ఉంది. విన్నదో లేదో తెలియలేదు.

రామునాయుడికి కోపం వచ్చింది. "అయితే ఇన్నాల్లూ మింగించిన గొట్టాలు వొట్టివేనా బాబూ? ఇప్పుడు మీరిచ్చీది మాత్రం సరైందని ఎలాగ నమ్మీది?"

ఆ ప్రశ్న న్యాయమైనదే. థైరాయిడ్ పనితీరు తేల్చే పరీక్ష అప్పట్లో మా చుట్టుపక్కల లేదు. మద్రాసు దాకా వెళ్లాలి. ఈ స్థితిలో ఆమె ఆ ప్రయాణం తట్టుకోలేదు. డాక్టరు గారు దాచలేదు. జంతువుల థైరాయిడ్ ఎండబెట్టి చేసిన మాత్రలు ఉన్నాయి, అవే మందు అన్నారు. దాంతో ప్రమాదమూ ఉందన్నారు. ఇన్నాళ్లూ నెమ్మదిగా కొట్టుకున్న గుండెను ఒక్కసారిగా పరుగెత్తిస్తే అది తట్టుకోలేక ఆగిపోవచ్చు. అందుకని మాత్రలో చిన్న ముక్కతో మొదలుపెట్టాలి.

"వెయ్యకపోతే ఏటవతాది?" సింహాచలం అడిగాడు.

"ఇలా చల్లబడుతూ చల్లబడుతూ ఒక రోజు ఇంక లేవదు."

 అప్పుడు మంచం మీంచి బొంగురు గొంతు వినిపించింది. "నన్ను అడగరేటి?"

అందరం అటు తిరిగాం. ఆమె కళ్లు సగం తెరిచింది.

"ఇది పని సేస్తంటే నాకెలాగ తెలస్తాది? రత్తం బస్సెక్కించీసి, ఎవులో సెప్పితే ఇనీది కాదు. నాకు తెలవాల."

డాక్టరు గారు వంగి ఆమెతోనే చెప్పారు. "చలి తగ్గుతుందమ్మా. అన్నిటికంటే ముందు అదే. దుప్పటి నువ్వే తీసేస్తావు."

"అయితే ఇయ్యండి" అంది.

ఈ మాత్ర రోజూ వేసుకోవాలని, మానకూడదని డాక్టరు గారు చెప్పారు, నేనూ చెప్పాను, పైడమ్మ తల ఊపింది. ఆమెను వెనక మంచాల్లో ఒకదాని మీద ఉంచాం. రోజూ పొద్దున్నే మాత్రను బ్లేడుతో కోసి ముక్క ఇవ్వడం నా పని. వారం గడిచినా ఏమీ మారలేదు. డాక్టరు గారు కొంచెం డోసు పెంచారు. మర్నాడు ఉదయం మంచం దిగి రెండడుగులు వేసి, గుండె పట్టుకుని కూర్చుండిపోయింది. ముఖం చెమట పట్టింది. నాలుక కింద గుండెనొప్పి మాత్ర పెట్టి నాడి పట్టుకుని కూర్చున్నాను. తలుపు దగ్గర సింహాచలం నిలబడి నా ముఖం చూస్తున్నాడు.  మందు ఆపితే ఒక భయం, ఇస్తే ఒక భయం. నొప్పి తగ్గేదాకా నేను ఆ నాడి వదల్లేదు. డాక్టరు గారు డోసు వెనక్కి తగ్గించి, ఇంకా నిదానంగా పోదామన్నారు.

నిదానంగానే పోయాం. మాఘం సగం గడిచాక ఒక రోజు మందులగదిలో సీసాలు కడుగుతున్నాను. వెనకాల ఎవరో ఆడమనిషి మొగుణ్ని దులిపేస్తోంది: "ఇది అంబలేటి, కుడితేటి? ఉప్పెయ్యడం కూడా తెలవదేటి నీకు?" కొత్త రోగి ఎవరొచ్చారా అని చూడబోతే, పైడమ్మ. గొంతు తేటపడింది. దుప్పటి కాళ్ల దగ్గర కుప్పగా పడి ఉంది.

"ఉక్కపోస్తన్నాది నర్సమ్మా" అంది నన్ను చూసి.

సింహాచలం గిన్నె పట్టుకుని నిలబడ్డాడు. తిట్లు తింటున్న మనిషి ముఖంలో అంత సంతోషం నేను మళ్లీ చూడలేదు.

ఇంటికి పంపేశాం. చైత్రంలో మళ్లీ రక్తం విజయనగరం పంపితే కొలెస్ట్రాల్ రెండు వందల చిల్లరకు దిగింది. క్లోఫిబ్రేట్ గొట్టం ఒక్కటి కూడా వేసుకోకుండానే. రామునాయుడు ఆ కాగితం రెండుసార్లు చదువుకుని, "ఇప్పుడు నెయ్యి తినొచ్చేటి?" అని డాక్టరు గారిని అడిగాడు. "ఇప్పుడు మాత్రం ఎవులు పెడతారు?" అంది పైడమ్మ. వరండాలో అందరం నవ్వాం. ఆ గొట్టాలు ఇంక అక్కర్లేదని చెప్పి, నెలకు సరిపడా థైరాయిడ్ మాత్రలిచ్చి పంపించారు డాక్టరు గారు.  

కథ ఇక్కడితో అయిపోతే నాకు ఇంత గుర్తుండేది కాదు.

వైశాఖంలో రాలేదు. జ్యేష్ఠంలో రాలేదు. ఆషాఢం వానలతో ఆసుపత్రి మళ్లీ నిండిపోయింది. ఒక ఆదివారం సెలవు దొరికితే, పడుకోవాల్సిన దాన్ని, బస్సెక్కి వాళ్ల ఊరి దారిలో దిగి నడిచాను. గట్ల మీద బురద. ఒకచోట నాట్లు వేస్తున్నారు. పైడమ్మ ఎక్కడుందని అడిగాను. "ఇంటికాడున్నాది, మల్లీ అలాగే అయిపోయినాది" అని ఒకామె వంగిన నడుం ఎత్తకుండానే చెప్పింది.

వెళ్లేసరికి అరుగు మీద చెంగు తల చుట్టూ కప్పుకుని కూర్చుని ఉంది. ముఖం మళ్లీ ఉబ్బింది. పొయ్యి దగ్గర సింహాచలం. నాకు ఒక్కసారిగా ఓపికంతా పోయింది. అరుగు మీద కూలబడ్డాను. అతను తెచ్చిచ్చిన అంబలి తాగి, గిన్నె పక్కన పెట్టి అడిగాను.

"ఎన్నాళ్లయింది మాత్రలు మానేసి?"

"వైశాకంలో."

"ఎందుకు?"

పైడమ్మ నేల చూస్తూ చెప్పింది. "ఆ గొట్టాలు మానీసినప్పుడు అందరూ నన్ను తిట్టినారు. ఆకరికి ఏటయింది? అక్కర్లేదని మీరే అన్నారు. ఇదీ అంతే అనుకున్నాను. వొల్లు బాగున్నాది. పని సేసుకుంతన్నాను. బాగున్న మనిసికి మందేటి?"

"నాను సెప్తే ఇన్లేదు" అన్నాడు సింహాచలం.

నేను కేకలేద్దామనే అంత దూరం నడిచి వచ్చాను. కానీ ఆమె చెప్పిన దాంట్లో తప్పు పట్టడానికి నాకు ఏమీ దొరకలేదు. ఒకసారి మందు అక్కరలేదని తనకు తోచింది, అదే నిజమైంది. ఆ మనిషి రెండోసారి తన బుద్ధినే నమ్ముకోక ఎవర్ని నమ్ముతుంది?

"ఆ గొట్టాలు నీ అసలు రోగానికి ఇచ్చినవి కావు పైడమ్మా. ఇది వేరు. నీ ఒంట్లో ఊరాల్సింది ఊరడం లేదు. మాత్రలో ఉన్నది అదే. నిన్న తిన్న కూడు ఇవాళ ఆకలి తీర్చదు కదా. ఇదీ అంతే, రోజూ పడాలి."

"అంటే సచ్చీదాకా మింగాలేటి?"

"మింగాలి."

"ఆ మాట ముందే సెప్పలేదేటి?"

"చెప్పానమ్మా. నేనూ చెప్పాను, డాక్టరు గారూ చెప్పారు. నువ్వు తల ఊపావు."

ఆమె చెంగు ఇంకా దగ్గరికి లాక్కుంది. 

"అప్పుడు ఒల్లు బాగులేదు, బతికితే సాలని ఊపినాను. బాగయినాక ఎవులూ సెప్పలేదు. బాగున్నోల్లకి కదా మల్లీ సెప్పాల, మానీసీది బాగున్నోల్లే."

 నర్సింగు ట్రైనింగులో ఎన్నో నేర్పారు. ఈ మాట మాత్రం ఎవరూ చెప్పలేదు.

మర్నాడు సింహాచలం ఆమెను తీసుకొచ్చాడు. మళ్లీ చిన్న ముక్కతోనే మొదలుపెట్టాం, మళ్లీ నెలలు పట్టింది. ఈసారి మానలేదు. నేను గజపతినగరం వదిలి విజయనగరం వెళ్లేదాకా, నెలనెలా మాత్రలకు వచ్చినప్పుడల్లా నా ముందు కూర్చుని, "ఇంకా మింగాలేటి?" అని అడిగేది. మింగాలని, ఎందుకో మొదట్నుంచి చెప్పేదాన్ని. ఒక్కోసారి వరండా నిండా మనుషులుండేవారు, కాళ్లు లాగుతుండేవి, అయినా చెప్పేదాన్ని.

ఆ తరవాత చాలా ఏళ్లు పనిచేశాను. బీపీ వాళ్లు, చక్కెర వాళ్లు, కొవ్వు ఎక్కువైనవాళ్లు, ఈ మందు నాకు నిజంగా అవసరమా అని అడిగిన ప్రతివాళ్లనీ మొండివాళ్లని అనుకోవడం మానేశాను. కొందరి విషయంలో ఆ ప్రశ్న వల్లే అసలు రోగం బయటపడింది. ఎక్కువమందికి మందు అవసరమనే తేలింది. ఎవరిది ఏదో తెలియాలంటే అడగనివ్వాలి, డాక్టరు చూడాలి, ఆ తరవాత చెప్పాలి. చెప్పింది మళ్లీ చెప్పాలి. ఆ చెప్పడంలో నాకు విసుగు ఏనాడూ తగ్గలేదు. విసుగ్గానే చెప్పాను. ఒళ్లు నయమై, నవ్వుతూ లేచి వెళ్లిపోబోయే మనిషిని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి మరీ చెప్పాను.